‘జీ ఫర్ జిరాఫ్’ చార్టులు మార్చండి

గౌరవనీయులైన సంపాదకుడు గారికి,

నమస్కారం. గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యాను. యూకేజీ చదువుతున్న మా మనవడు మొన్న జీ, ఈ, టీ అక్షరాలు చూసి ‘జెట్’ అని చదివాడు. ‘గెట్ కదా నాన్నా’ అంటే, గోడ మీది చార్టు చూపించి ‘జీ ఫర్ జిరాఫ్ కదా అమ్మమ్మా’ అన్నాడు. వాడి తప్పేమీ లేదు. చార్టు ఏది నేర్పిందో అదే చదివాడు.

తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం. ‘క’ని ‘క’ అనే పిలుస్తాం, ‘క’ అనే పలుకుతాం. ఇంగ్లిష్‌లో పేరు ‘బీ’, పలికేది ‘బ్’. ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్లే మన పిల్లలు ‘బీ ఏ టీ బ్యాట్’ అని పాటలా అప్పజెబుతారు, బోర్డు మీద ‘మ్యాట్’ రాస్తే మాత్రం నోరు విప్పరు. ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలుపుకుంటూ చదివే పద్ధతి, నేర్పేది ఈ చిక్కు విప్పడానికే. అందులో జంతువుల పేర్లు వాడటం మంచి పద్ధతి. పిల్లలకు వాటి మీద ఉండే ఇష్టం యాపిల్ మీదా ఐస్‌క్రీమ్ మీదా కూడా ఉండదని నా అనుభవం. కానీ జంతువును ఎంచుకునేటప్పుడు స్పెల్లింగ్ కాదు, నోట పలికే మొదటి శబ్దం చూడాలి. గోట్ ఉండగా జిరాఫ్ ఎందుకు? సీకి క్యాట్ ఉండగా చీతా ఎందుకు? ఓ దగ్గర ఔల్ బొమ్మ వేస్తే బిడ్డ ‘ఔ’ అంటుంది, ఆక్స్ వేస్తే సరిపోతుంది. ఎస్ దగ్గర షీప్ వద్దు, స్నేక్ చాలు. ఇక ఎక్స్‌తో మొదలయ్యే జంతువు కోసం తిప్పలు పడనక్కర్లేదు, ఫాక్స్ చివర ఆ శబ్దం వినిపిస్తే చాలు.

తెలుగుకీ ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. గుణింతం బట్టీ పట్టించకుండా మా తరగతిలో ఒక ఆట ఆడించేదాన్ని. గద్ద, గాడిద, గిత్త, గుర్రం, గూడబాతు, గేదె, గొర్రె, గోరింక. ఒక్కో పేరుకి ఒక్కో బిడ్డ లేచి ఆ జంతువులా అరవాలి, నడవాలి. గూడబాతు ఎలా ఉంటుందని అడిగితే, ఉప్పలపాడు చెరువులో చూసొచ్చిన పిల్లలు ముక్కు కింద సంచి ఎంతుంటుందో చేతులతో చూపించేవాళ్లు. ‘గీ’కి ఏదీ దొరక్క వారం రోజులు వెతికారు. ఆ వెతుకులాటలోనే ‘గి’కీ ‘గీ’కీ తేడా వాళ్ల చెవికి పట్టింది. ఎలుక, ఏనుగు బొమ్మలు పక్కపక్కన పెట్టి పలికిస్తే ఎ, ఏ కూడా ఇలాగే తెలుస్తాయి. అక్షరం దిద్దించడం ఆ తర్వాతే.

ఒక్క జాగ్రత్త ఉంది. మా వైపు గేదె అనేదాన్ని తెలంగాణలో బర్రె అంటారు, రాయలసీమలో చాలాచోట్ల ఎనుము అంటారు. ఒకే జంతువు, మూడు వేర్వేరు మొదటి అక్షరాలు. బొమ్మ చూసి ‘బర్రె’ అన్న బిడ్డకి ‘తప్పు, గేదె’ అని చెబితే అక్షరం రాకపోగా ఇంట్లో మాట మీద నమ్మకం పోతుంది. చార్టులో బొమ్మ కింద ఖాళీ వదిలితే ఆ ఊరి మాట టీచరే రాసుకోవచ్చు.

2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ ప్రకారం 2026-27 నాటికి మూడో తరగతి పూర్తి చేసే ప్రతి బిడ్డకీ అర్థం చేసుకుంటూ చదవడం రావాలి. అంగన్‌వాడీ గోడ మీది చార్టే శబ్దం తప్పు నేర్పుతుంటే ఆ పని మూడో తరగతి టీచరు మీద పడుతుంది. రెండు రాష్ట్రాల్లో విద్యాశాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులకూ, ప్రైవేటు బడుల యాజమాన్యాలకూ నా విన్నపం ఒకటే. జూన్‌లో బడులు తెరిచేలోపు మీ చార్టుల్లోని ఒక్కో పేరునూ పైకి చదివి చూడండి. మొదటి శబ్దం పాఠంలోని శబ్దంతో కలవకపోతే ఆ బొమ్మ తీసేయండి. అంగన్‌వాడీ టీచర్లకు, ఎల్‌కేజీ, యూకేజీ చెప్పే వాళ్లకు అక్షరం పేరు వేరు, శబ్దం వేరు అని పలికి చూపించే శిక్షణ ఒక్క రోజైనా ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా