టీసీ తీసుకునే ముందు

గుంటూరు,
8 మార్చి 2026, ఆదివారం.

ప్రియమైన అమ్మాయికి అమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమంగా ఉన్నాము. మీ నాన్నగారి మోకాలి నొప్పి కొంత తగ్గింది, సాయంత్రం జపమాలకు గుడి దాకా కర్ర లేకుండానే నడిచి వస్తున్నారు. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిన పూట వీధి వీధంతా తుమ్ముతోంది. నువ్వు వేళకు భోజనం చేస్తున్నావో, ఆ కంప్యూటరు ముందే డబ్బా విప్పుకొని నాలుగు ముద్దలు మింగి లేస్తున్నావో తెలియక బెంగగా ఉంది.

ఈసారి గుణదల తిరునాళ్లకు మీరు రాలేదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలు వారం మొదట్లో పడ్డాయి కనుక సెలవు దొరకలేదేమోనని ఊరుకున్నాము. ఆ తరువాత ఆదివారం పూజ కాగానే నువ్వు చేసే ఫోను కూడా ఆగిపోయింది. నేను చేస్తే, పనిలో ఉన్నాను, తరువాత మాట్లాడతానన్న సందేశం మాత్రమే వస్తోంది. ఇంతలో చిన్నమ్మ ఏదో పని మీద సికింద్రాబాదు వచ్చి మీ ఇంట్లో ఒక పూట ఉండి వెళ్లింది కదా. బల్ల మీద ఎవరిదో కొత్త బడి రంగుల పుస్తకమూ, దానితో పాటు డబ్బు కట్టిన రసీదూ చూశానని చెప్పింది. బుజ్జిని సిస్టర్ల బడి మాన్పించి ఒలింపియాడ్ తరగతులున్న చోట నాలుగులో చేరుస్తున్నారనీ, అక్కడ ఈస్టరు కాగానే పాఠాలు మొదలు కనుక టీసీకి అర్జీ కూడా పెట్టారనీ అన్నది. చిన్నమ్మ చెప్పిన ప్రతి మాటా నేను నమ్మలేదు. కానీ నీ మౌనం చూస్తే నమ్మకుండా ఉండడమూ కష్టంగా ఉంది.

సరే, ఆ విషయం తరువాత చూద్దాము. ఈ ఏడు మన తపస్సుకాలం, అంటే ఈస్టరు ముందరి ఉపవాస దినాలు, మొదలయ్యే భస్మ బుధవారమూ రంజాను నెల మొదలు కావడమూ దాదాపు ఒకేసారి వచ్చాయి. బుజ్జి ఆ మధ్య నాతో మాట్లాడినప్పుడు, పక్కన కూర్చునే షబానా మధ్యాహ్నం ఏమీ తినడం లేదు కాబట్టి తాను కూడా తపస్సుకాలం అయ్యే దాకా చాక్లెట్లు మానేశానని చెప్పింది. తరగతిలో పిల్లలందరూ ఇంటి నుంచి పిడికెడు బియ్యం తెచ్చి పెద్ద డబ్బాలో పోస్తున్నారట. ఆ బియ్యం ఈస్టరు ముందు వృద్ధాశ్రమానికి వెళతాయట. షబానా వాళ్ల అమ్మ పిడికెడు బదులు ఒక శేరు పంపిందని బుజ్జి ఎంత గొప్పగా చెప్పిందో! ఎనిమిదేళ్ల పిల్లకు ఆకలి అంటే ఏమిటో, అవతలివారి ఉపవాసం పట్ల గౌరవం అంటే ఏమిటో ఒకే నెలలో తెలిసిందంటే అది ఏ పుస్తకంలోనూ దొరికే పాఠం కాదు. ఏప్రిల్ మొదట్లోనే నువ్వు బడి మార్చేస్తే ఆ బియ్యం ఎవరికి చేరాయో చూడకుండానే పిల్ల వెళ్లిపోతుంది.

మన ఇంట్లో సిస్టర్ల చదువు నాతో మొదలైనది కాదు. 1904లో నెదర్లాండ్స్ నుంచి జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసఫ్) సిస్టర్లు గుంటూరు వచ్చారు. వారి దగ్గర అక్షరాలు దిద్దిన ఆడపిల్లలలో మా అమ్మమ్మ ఒకతె. ఆమె తన సంతకం చేయగలిగినందువల్లనే ఎకరన్నర చెలక చేయి జారకుండా నిలిచిందని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పేదో నీకు గుర్తే. ఆ కాలపు గొప్పతనం చూపించి ఈ కాలపు నిర్ణయాలు చేయకూడదని నాకు తెలుసు. నాకు బుజ్జి బడిలో కనిపించే గొప్పతనం కట్టడంలోనూ లేదు, ఇంగ్లీషులోనూ లేదు. డిసెంబరులో నేను మీ దగ్గర ఉన్నప్పుడు కళ్లారా చూసినది చెబుతాను. క్రిస్మస్‌కు బాలయేసు పుట్టిన పశువుల పాక కట్టడానికి గడ్డి తెచ్చినది ఆటో నడిపే ఒక తండ్రి, నక్షత్రానికి వెదురు చీల్చినది కావలి తాత, మరియమ్మ వేషానికి నీలం చీర ఇచ్చినది ఎదురింటి శర్మగారి కోడలు. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ గారు గ్రెచ్చియో అనే పల్లెలో మొదటిసారి పశువుల పాక పెట్టినప్పుడు కూడా నిజమైన ఎద్దునూ గాడిదనూ తెచ్చి ఊరివారిని కాగడాలతో రమ్మన్నారు. ఆనాడు వచ్చినది ఊరు ఊరంతా. బుజ్జి బడిలోనూ ఆ సాయంత్రం నేను చూసినది ఊరునే, అంత పెద్ద నగరం మధ్యలో. మిషనరీ బడులకు క్రిస్మస్‌కు వేరుగా సెలవులిస్తారు కదా. ఆ సెలవుల ముందు రోజు గేటు దగ్గర ఒకరి పిల్లను ఒకరు ఎత్తుకొని, ఒకరి స్కూటరు మీద ఒకరు ఎక్కి వెళ్లడం చూసి మీ నాన్నగారు ఎంత సంతోషించారో!

ఒక సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది. పల్నాడు వైపు ఒక ఊరి ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్ మిషన్) బడిలో నేను ఐదో తరగతి చెబుతున్నప్పటి మాట, నువ్వు అప్పటికి ఇంకా ఉయ్యాలలోనే ఉన్నావు. బడి ముందు వేపకొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉండేది, అదే గంట. దానిని కొట్టే ఇనుప కడ్డీ ఏటేటా ఐదో తరగతిలో ఒకరి చేతిలో ఉండేది. ఏప్రిల్‌లో ఆఖరి రోజున ఫాదరుగారు వచ్చి కృతజ్ఞతా పూజ చేసేవారు. పూజ అయ్యాక ప్రోగ్రెసు కార్డులు ఇచ్చి, బూందీ పొట్లాలు పంచేవాళ్లం. అంతకు ముందు ఒక చిన్న కార్యక్రమం ఉండేది. ఐదో తరగతివారు తాము ఏడాది పొడవునా చేసిన పనులను నాలుగో తరగతివారికి అందరి ముందూ అప్పగించేవారు. మొక్కలకు నీళ్ల పని, చాక్‌పీసుల డబ్బా, పశువుల పాక బొమ్మల పెట్టె తాళం అన్నీ అలా చేతులు మారేవి, చివరగా గంట కడ్డీ.

ఆ ఏడు కడ్డీ ఒక కూలివారి అమ్మాయి చేతిలో ఉండేది. మార్చి రాగానే ఆ కుటుంబం కుటుంబమంతా మిరపకోతలకు పక్క మండలానికి వెళ్లి పొలంలోనే డేరా వేసుకొన్నది. పిల్ల బడికి రావడం ఆగిపోయింది. గంట ఎవరో ఒకరు కొడుతూనే ఉన్నారు. అయితే ఆఖరి రోజు ఏర్పాట్లు మాట్లాడుకునేటప్పుడు పిల్లలే అడ్డు తిరిగారు: ఆమె రాకుండా కడ్డీ ఎవరు ఇస్తారు, ఎవరు తీసుకుంటారు అని. మా ప్రధానోపాధ్యాయిని సిస్టరుగారు ఊళ్లో ప్రార్థనలు నడిపే ఉపదేశిగారిని వెంటబెట్టుకొని ఆ పొలానికి వెళ్లారు. ఒక పూట కూలి పోతే ఎలాగని తల్లి ఏడ్చింది. ఆ మాట విన్న ఫాదరుగారు తొమ్మిదింటి పూజను ఆరింటికి మార్చారు. ఆ పొలం రైతు క్రైస్తవుడు కాదు, మా బడితో ఆయనకు ఏ సంబంధమూ లేదు. అయినా తెల్లవారుజామున ట్రాక్టరు కట్టించి ఆ తల్లీబిడ్డలతో పాటు మిగిలిన కూలివారిని కూడా పంపించాడు.

ఆ పిల్ల పనిబట్టలతోనే దిగింది. వారాల తరబడి కాయ కోసిన చేతులు భగభగ మండుతుంటే కళ్లు తుడుచుకోవడానికి కూడా భయపడుతూ నిలబడితే, ఎవరి నాయనమ్మో చల్ల తెచ్చి ఆ చేతుల మీద పోసింది. పూజ అయ్యాక ఆ అమ్మాయి కడ్డీతో మూడుసార్లు గంట కొట్టి, నాలుగో తరగతి పిల్లవాడి చేతిలో పెట్టి, మధ్యాహ్నం గంట గట్టిగా కొట్టాలనీ, లేకపోతే చెరువు కట్ట దాకా వినబడదనీ చెప్పింది. వాడు తలూపాడు. సిస్టరుగారు అప్పటికప్పుడు కార్డు, టీసీ రాసి తల్లి చేతికి ఇచ్చి, జూన్‌లో హైస్కూలులో ఎక్కడ చేర్చాలో, ఎవరిని కలవాలో మూడుసార్లు చెప్పించుకున్నారు. ఆ పిల్ల ఆరులో చేరింది, పది దాకా చదివింది. ఆ ఉదయం ఆమె బడికి రాకుండా ఉంటే ఆ కుటుంబం మళ్లీ ఏ బడి గడపా తొక్కేది కాదని నా గట్టి నమ్మకం.

ఇది వింటే, బుజ్జి కూలివారి పిల్ల కాదు కదా, దానికీ దీనికీ పోలిక ఏమిటని అల్లుడుగారు అనవచ్చు. బడి మారడం తప్పని నేను అనడం లేదు. మిరపనారు పీకేటప్పుడు కూడా వేరు చుట్టూ కాస్త మట్టి ఉంచి తీస్తాము, పిల్లను తీసేటప్పుడు ఆపాటి జాగ్రత్త ఉండాలని మాత్రమే అంటున్నాను. లెక్కలు వెనుకబడ్డాయన్నదే మీ బాధ అయితే, దానికి మూడో తరగతి పిల్లకు ఒలింపియాడ్ ఎందుకు? ఎక్కాలు నోటికి రావాలి, సాయంత్రం ఒక అరగంట నువ్వో, అల్లుడుగారో పక్కన కూర్చోవాలి. 1965లో రెండవ వాటికన్ మహాసభ విద్యను గురించి చేసిన ప్రకటనలో పిల్లలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని ఉన్నది, బడిని ఎంచుకునే స్వేచ్ఛ మీదేనని కూడా అందులోనే ఉన్నది. ఆ స్వేచ్ఛను నేను కాదనను. అయితే ఎంచుకునేవారు పిల్ల ముఖం కూడా చూసి ఎంచుకోవాలి. బుజ్జికి ఈ సంగతి చెప్పారా? షబానాకు చెప్పుకునే వ్యవధి ఇచ్చారా? డబ్బు కట్టేశామని, తేదీ దాటితే రాయితీ పోతుందని తొందరపడితే ఆ తొందర పిల్లది అవుతుందా?

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి ఉంది. ఏప్రిల్ 19 ఆదివారం బుజ్జి తరగతి పిల్లలకు మొదటి సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం తొలిసారి అందుకునే రోజు, అని నువ్వే జనవరిలో చెప్పావు. ఇదివరకు పన్నెండు, పద్నాలుగేళ్లు వచ్చే దాకా పిల్లలను ఆపేవారు. 1910లో పదవ పయస్ పోపుగారు ఏడేళ్ల ప్రాయం, అంటే మంచి చెడు తెలిసే ప్రాయం చాలునని ఆజ్ఞ ఇచ్చారు కాబట్టే బుజ్జి వయసు పిల్లలకు ఆ భాగ్యం దొరికింది. రెండేళ్లుగా ఒకే బెంచీ మీద జపాలు నేర్చుకున్న పిల్లలతో కలిసి వరుసలో నిలబడడం వేరు, తరువాత ఎప్పుడో తీరిక చూసుకొని ఒంటరిగా ఇప్పించడం వేరు. పాపాలకు పశ్చాత్తాపపడుతూ చెప్పే ఉత్తమ మనస్తాప జపం తడబడకుండా చెబుతోందా? మధ్యలో ఆగితే కసురుకోవద్దు, మొదటి మాట నువ్వు అందిస్తే మిగిలినది తనే చెబుతుంది.

కనుక నేను అడిగేది ఇది. వీలైతే ఐదో తరగతి పూర్తయ్యే దాకా అక్కడే ఉంచండి. మీరు నిర్ణయం చేసేశారా, అయితే కనీసం ఏప్రిల్ 23న బడి మూసే దాకా ఆగండి. మొదటి సత్ప్రసాదం, ఆఖరి పూజ, కార్డులు అన్నీ అయ్యాక టీసీ తీసుకోండి. ఈ సంగతి గుమాస్తాకు కాగితం ఇచ్చి ముగించవద్దు. సిస్టరుగారిని నువ్వే వెళ్లి కలువు, కూర్చోమంటే కూర్చొని కారణం చెప్పు. ఆ కొత్త బడివారు రెండు వారాలు ఆలస్యంగా చేర్చుకోమంటే ఒప్పుకోరా? ఒప్పుకోని బడి అయితే ఆ సంగతి కూడా ముందే తెలియడం మంచిది.

తెల్ల గౌను నేనే కుట్టిస్తాను, కొనవద్దు. భుజం, నడుము, పొడవు కొలతలు ఈ వారంలోనే పంపు. పొడవు మాత్రం మడమ దాకా కాకుండా రెండు వేళ్లు పైకి ఉండేటట్టు చూడు, లేకపోతే పీఠం మెట్ల దగ్గర తట్టుకుంటుంది. చిన్నమ్మ కొడుకు పదిహేనో తేదీన అటు వస్తున్నాడు, వాడి చేత కందిపొడి, చింతకాయ పచ్చడి, నీకు వాము పొడి పంపుతున్నాను. రాత్రి పొద్దుపోయాక తినడం వల్లనే నీకు కడుపులో మంట. బుజ్జి పోయిన క్రిస్మస్ బూట్లు తొడిగి చూడు. బొటనవేలు తగలకపోతే అవే సరిపోతాయి, తగిలితే కొత్తవి ఒక అంకె పెద్దవి తీసుకో. ఈ ఉత్తరం అందగానే ఫోను చెయ్యి. మీ నాన్నగారు రాత్రి తొమ్మిదిన్నర దాకా మేలుకొని ఉంటారు.

ఇట్లు,
మీ అమ్మ