సహరీకి లేపిన పెద్దమ్మకి థాంక్స్

మాది దూదేకుల ఫ్యామిలీ, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ప్రకాశం జిల్లాలో ఓ పల్లెటూరి డిగ్రీ కాలేజీ హాస్టల్లో చేరితే ముస్లింని నేనొక్కదాన్నే, "ముస్లింవి కదా, ఉర్దూ రాదా" అని రోజూ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, చెప్పీ చెప్పీ విసుగొచ్చి రూమ్‌లోంచి బయటికి రావడమే తగ్గించేశా.

2024 మార్చి 12న రంజాన్ మొదటి రోజా, అంటే ఉపవాసం. సహరీ అంటే తెల్లారకముందే తినాలి, మెస్ తెరిచేదేమో ఏడున్నరకి, ఎవర్నీ అడగలేక రెండు బిస్కెట్లు తిని ఉన్నా. సాయంత్రం వంట చేసే పెద్దమ్మ నా మొహం చూసి "ఏం పాపా, ఒక్కపొద్దా?" అంది, అంతే.

మర్నాడు తెల్లారుజామున నాలుగింటికి తలుపు చప్పుడు, తీస్తే పెద్దమ్మ, చేతిలో స్టీలు క్యారేజీ, వేడన్నం, పప్పుచారు, ఉడకబెట్టిన గుడ్డు. "తొందరగా తిను, ఐదు దాటితే తినకూడదంటగా" అంది, తినేదాకా పక్కనే కూర్చుంది. బజార్లో మసీదు దగ్గర టైముల కాగితం అడిగి తెచ్చి వంటగది గోడకి అంటించిందట, ఆమెకి చదువు రాదు, రోజూ వాచ్‌మెన్ అన్నతో చదివించుకునేది! పండక్కి ఇంటికెళ్ళేదాకా ఒక్కరోజు కూడా మానలేదు.

పెద్దమ్మా, ఇది కూడా అన్నతో చదివించుకో. నీ చేతి అన్నం ఇంకా గుర్తుంది. చాలా థాంక్స్ అమ్మా.