పెద్దల ఇళ్లకు వెళ్లే సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. ఒంటరిగా ఉంటున్న పెద్దల పనులన్నీ మనమే చేసిపెట్టాలని తొందరపడకుండా, వారు స్వయంగా చేసుకోగలిగినవి వారికే వదిలి, చేయలేని చోట మాత్రమే సాయపడవలసిందిగా కోరుతున్నాము. వయసు పైబడేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది కనుక, మంచినీళ్లు కావాలా అని అడిగితే చాలామంది వద్దనే అంటారు. అడగకుండానే గ్లాసు చేతికి అందేలా పెట్టడం మేలు. పడుకున్నవారు ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు కాబట్టి, కాసేపు మంచం అంచున కూర్చోబెట్టి ఆ తరువాతే నిలబెట్టండి. నేలపై పరిచిన జారే పట్టాలు, వదులు చెప్పులు, వెలగని బాత్రూమ్ దీపం కనిపిస్తే కుటుంబసభ్యులకు తెలియజేయండి. మందుల మోతాదు మార్చడం, డబ్బు లావాదేవీలు చూడడం మాత్రం, వారు ఎంత బతిమాలినా సరే, మన పని కాదు. వెళ్లడం కుదరకపోతే ముందురోజే గ్రూపులో చెప్పండి, మరొకరిని పంపుతాము.