గారపళ్లు, పటిక, చింతపండు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం కావడానికి కారణం మా మేనల్లుడి పళ్లు. కొత్తగా వచ్చిన ముందు పళ్లు చూపిస్తూ "మామయ్యా, ఎంత తోమినా పోవడం లేదు" అన్నాడు. వాణ్ణి వాకిట్లో ఎండకు నిలబెట్టి చూశాను. పంటికి అడ్డంగా సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు, ఒక అంచున తేనెరంగు మచ్చ కనిపించాయి. తోమడం రాదని పట్నంలో ఒక దంతవైద్యుడు పిల్లవాణ్ణే మందలించి పంపాడట! కనిగిరి ప్రాంతంలో పుట్టి పెరిగి, ఇవే గారపళ్లతో ఇన్నేళ్లు నోరు మూసుకుని నవ్విన నాకు ఆ మాట మింగుడు పడలేదు.

పంటి పైపొర పింగాణి (ఎనామెల్) హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికమని నీకు నేను చెప్పాలా? అందులోని హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ కొద్దిగా చేరితే స్ఫటికం ఆమ్లానికి తొందరగా కరగదు కాబట్టే దాన్ని టూత్‌పేస్టులో కలుపుతారు. అయితే పన్ను ఇంకా దవడలో తయారవుతుండగానే తాగునీటి ద్వారా ఫ్లోరైడ్ అతిగా అందితే, పింగాణిలోని ప్రోటీన్లు సకాలంలో తొలగిపోక లోపల సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. ఆ తెల్లదనం వాటిదే. గోధుమరంగు పన్ను బయటికి వచ్చిన తర్వాత పట్టేది. పాపం, బ్రష్షు ఏం చేయగలదు?

ఇది కొత్త సంగతీ కాదు. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 1937లోనే ఫ్లోరైడ్ అతిగా అందడం వల్ల వచ్చే ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్, నెల్లూరు జిల్లాలో ఉందని వైద్య పత్రికలో రాశారు. మన దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోనివే. 1970లో కదా ఒంగోలు జిల్లా విడిగా ఏర్పడింది.

నీటిలో పటిక, సున్నం కలిపి, మడ్డితో పాటు ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ఎముకల బొగ్గు: అందులో ఉన్నదీ పంటిలోని అపటైటే, అంటే పంటిలోకి ఫ్లోరైడ్‌ను లాగే ఆ ఆకర్షణతోనే నీటిని శుభ్రం చేయవచ్చు. ఎముకల బొగ్గులో వడకట్టిన నీళ్లు మా అమ్మ తాగుతుందా అన్నది వేరే ప్రశ్న.

అమ్మకు నచ్చింది చింతపండు కబురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు బడి పిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూస్తే, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగిందని 2002లో ప్రకటించారు. "నేను పులుసు పెడితే వంకలు పెట్టారుగా" అని ఇంట్లో ఒకటే దెప్పుడు. పులుసు తాగినంత మాత్రాన వచ్చిన చారలు పోవని, నీళ్లు మారకుండా ఏదీ నిలవదని ఆమెకు నచ్చజెప్పడం నా వల్ల కాలేదు.

ఈ ఉత్తరం తెచ్చే కుర్రవాడి చేతికి రెండు ప్లాస్టిక్ సీసాలు ఇచ్చాను. ఎర్రమూత మా బోరుది, నీలంమూత బడి దగ్గరి చేతిపంపుది. మీ కాలేజీ ప్రయోగశాలలోని ఎలక్ట్రోడుతో ఫ్లోరైడ్ కొలిచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, దాటిందో లేదో రాయి. ముందు నీలంమూతది చూడు. మేనల్లుడి చెల్లెలికి ఇంకా పాలపళ్లే ఊడలేదు.

నీ
మిత్రుడు