ఆమెనే అడగమన్న అన్నకు

తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు దగ్గర, చూపు సరిగా లేక తెల్లకర్రతో నడిచే మా స్నేహితురాలికి సాయపడిన అన్నా, మా అందరి కృతజ్ఞతలు.

ముందు పలకరించి, సాయం కావాలా అని అడిగారు. అదే ముఖ్యం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి; చూపు తక్కువైన వాళ్లలోనే ఒకరికి వెలుతురు తెలుస్తుంది, ఇంకొకరికి పక్కలకున్నవి మాత్రమే కనిపిస్తాయి. అడగందే ఎవరికేం కావాలో ఎలా తెలుస్తుంది?

మోచేయి అందించి అరడుగు ముందు నడిచారు. చాలామంది కర్ర పట్టుకుని లాగుతారు, లేదా వెనకనుంచి తోస్తారు. ముందు గుంత ఉందో మెట్టుందో తడిమి చూసుకునే వీలే ఉండదు. మీరు మెట్టు దగ్గర ఆగి "పైకి" అన్నారు, కమ్మీ ఎక్కడుందో చెప్పారు, ఎక్కడం ఆమెకే వదిలేశారు.

"ఈమె ఎక్కడ దిగాల?" అని కండక్టరు మిమ్మల్ని అడిగితే, "ఆమెనే అడగండి సార్" అన్నారు. ఆ మాటకు మరీ మరీ దండాలు.