రైల్వే స్టేషన్ రాతిపై పేర్లు చెక్కించండి: లాత్వియాలోని మా పురపాలక అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,

నేను మీ పట్టణపు కోడలిని, తెలుగుదాన్ని. మీ భాషలో పంపిన రెండు అర్జీలకూ సమాధానం రానందున, నలుగురూ సాక్షులుగా ఉండాలని ఈ లేఖను నా మాతృభాషలోనూ ప్రచురిస్తున్నాను.

1949 మార్చి 25న మొదలైన బలవంతపు తరలింపులో సోవియట్ ప్రభుత్వం లాత్వియా నుంచి 42,000 మందికి పైగా ప్రజలను పశువుల రైలుపెట్టెల్లో సైబీరియాకు పంపింది. రైతులను భయపెట్టి సమష్టి వ్యవసాయ క్షేత్రాల్లో చేర్పించడం అందులో ఒక ఉద్దేశం. 1941 జూన్ 14న తీసుకుపోయిన సుమారు 15,400 మంది సంగతి వేరే చెప్పాలి: అప్పుడు మగవారిని కుటుంబాల నుంచి విడదీసి శ్రమ శిబిరాలకు పంపారు, చాలామంది తిరిగి రాలేదు.

1949 తరలింపు నాటికి మా అత్తగారికి నాలుగేళ్లు. తల్లి హడావుడిగా మూటకట్టిన ఉన్ని శాలువా ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఒక అంచు కాలి నల్లబడింది. ఏటా మార్చిలో ఆమె దాన్ని కప్పుకుని స్టేషన్‌కు వస్తారు. అక్కడి స్మారక రాతిపై తేదీ మాత్రమే ఉంది. దారిలో చనిపోయిన తన తమ్ముడి పేరు కోసం ఆమె ఆ రాతిని చేత్తో తడుముతారు.

ఈ స్టేషన్‌లో రైలెక్కించిన ప్రతి ఒక్కరి పేరూ, వయసూ, పసిపిల్లలతో సహా, ప్రభుత్వ దస్తావేజుల ఆధారంగా వచ్చే మార్చి 25లోగా ఆ రాతిపై చెక్కించవలసిందిగా, ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా బదులివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పట్టణ నివాసి