మంచం పడితేనే లెక్కా?

సంపాదకులకు,

మా అబ్బాయి అమెరికా సైన్యంలో ఇరాక్ వెళ్లొచ్చాడు. అక్కడ చెత్త తగలబెట్టే గుంతల పొగ పీల్చాడు, ఇప్పుడు ఎప్పుడు చూసినా సైనస్ బాధే. విషపు పొగల పాలైన మాజీ సైనికుల కోసం అమెరికా 2022లో తెచ్చిన పాక్ట్ చట్టం పుణ్యమా అని ఆ పొగే కారణమని వేరే రుజువు అడగరు. చిక్కంతా పరిహారం కోసం అక్కడి మాజీ సైనికుల శాఖ వేసే వైకల్య శాతం దగ్గరే: సైనస్‌కు 0, 10, 30, 50. డాక్టరు చికిత్స, మంచం మీద విశ్రాంతి రెండూ అవసరమైతేనే దాన్ని 'పని చేయలేని దశ'గా లెక్కేస్తారు. 30 శాతానికి అలాంటివి ఏడాదికి కనీసం మూడు, ప్రతిసారీ 4 నుంచి 6 వారాల యాంటీబయాటిక్స్‌తో; లేదంటే మంచం పట్టకపోయినా తలనొప్పి, నొప్పి, చీముతో ఏడాదికి ఆరుకు మించి సార్లు రావాలి. వాడేమో ఆవిరి పట్టుకుని డ్యూటీకి పోయే రకం (వాళ్లమ్మ నేర్పిన వైద్యం!). ఆ రోజులు ఏ రికార్డుకూ ఎక్కలేదు. ఇంట్లోవాళ్లు రాసిచ్చే వాంగ్మూలమూ చూస్తారని మాకు ఆలస్యంగా తెలిసింది. పిల్లలు అక్కడి సైన్యంలో ఉన్నవాళ్లు, బాధ వచ్చిన తేదీలు రాసిపెట్టుకోమని వాళ్లకు చెప్పండి.

- ఒక తండ్రి, డాలస్